తావి చెట్టు

మా దీవిలో మొక్కల రక్షణ శాఖ అంటే ముగ్గురం: నేను, మోయెరో, ఒక మోటారు రంపం. ఈ మాట మోయెరోదే. రేవు వెనకున్న మా రెండు గదుల ఆఫీసుకు ఎవరొచ్చినా ఇదే చెప్పి నవ్విస్తాడు. అధికారిని నేను కాబట్టి తిట్లు మాత్రం అన్నీ నాకే. ఓడలో చుట్టాలు పంపిన మామిడిపళ్ళు తగలబెట్టేది నేనే, పెళ్ళికని పైదేశం నుంచి తెప్పించుకున్న పూలదండలు లాక్కునేది నేనే. మెరెనా మేడమ్ కంటబడితే గడ్డం మొలిచినా గొరిగేస్తుందని రేవులో కూలీలు అనుకుంటారు. అనుకోనీ. కొబ్బరి పోతే ఈ దీవిలో తినడానికీ తాగడానికీ నీడకీ ఏమీ మిగలదు. ఆ సంగతి వాళ్ళకు గుర్తు చెయ్యడానికే ప్రభుత్వం నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది.

ఈ ఏడు వానలు తగ్గగానే, రేవు పక్కన మేం కట్టిన ఎర డబ్బాలో కొమ్ము పురుగు పడింది. బొటనవేలంత లావు, నల్లటి నిగనిగ, ముక్కు మీద కొమ్ము. ఏ సరుకుల మధ్యో దాక్కుని ఓడ దిగి ఉంటుంది. ఇది చెట్టు నెత్తికెక్కి, లోపలున్న లేత మొవ్వు తొలుచుకు తింటుంది. మొవ్వు పోయిన కొబ్బరిచెట్టు ఇక బతకదు. అవతలి దీవుల్లో ఆకుల్లేని మానులు ఒడ్డు పొడవునా నిలబడి ఉండడం కళ్ళారా చూసొచ్చినదాన్ని. ఆ రోజే పటం తీసి, రేవు చుట్టూ పెన్సిలుతో ఒక గీత గీశాను. పురుగు దాటిపోకుండా గీత లోపలున్న కొబ్బరిచెట్లన్నీ కొట్టెయ్యాలి.

గీతకు లోపల, చిట్టచివర, తావి చెట్టు ఉంది.

తావి మా అక్క తెపయేరుకు ఒక్కగానొక్క కొడుకు. వాడు పుట్టినప్పుడు, ఇక్కడ అందరు పిల్లలకూ చేసినట్టే, బొడ్డుతాడు పాతిపెట్టి దాని మీద కొబ్బరి మొక్క నాటారు. మీసాలు వచ్చీరాని వయసులో వాడు చేపలకని పగడాల గట్టు దాటి వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, వాడు రాలేదు. వెతకని చోటు లేదు. వాడికి సమాధి లేదు. వాడిదంటూ ఈ మట్టిలో ఉన్నది ఆ బొడ్డుతాడు ఒక్కటే. ఆదివారం ప్రార్థన అవగానే అక్క ప్రార్థనకు పెట్టుకున్న తెల్ల టోపీతోనే చెట్టు దగ్గరికి వెళ్ళి, వారంలో జరిగినవన్నీ వాడికి చెప్పి వస్తుంది. దానికి ఎవరూ నవ్వరు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక చెట్టు ఉంది.

కబురు నేనే చెప్పాలని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క ఉడికిన తారో దుంపలకు తొక్క తీస్తోంది.

"అక్కా, ఆ చెట్టు కూడా..."

"ఏ చెట్టు?"

"నీకు తెలుసు."

తొక్క తీయడం ఆపలేదు. "గీత గీసింది నువ్వేగా. కాస్త ఇటు లోపలికి గియ్యి. నీ సొమ్మేం పోయింది?"

"అలా గీస్తే రేవు దగ్గరి పోకీనా ఊరుకుంటాడా? వాళ్ళ నాన్న చెట్టూ అందులోనే ఉంది."

"వాళ్ళ నాన్న అరుగు మీద కూర్చుని రోజంతా దగ్గుతున్నాడు కదే. చెట్టు పోతే ఏం, మనిషి ఉన్నాడు. నాకేముంది మెరే?"

దుంపలు తినకుండానే లేచి వచ్చేశాను.

మర్నాటి నుంచి రంపం మోగుతూనే ఉంది. జనం ఏడుస్తూనో తిడుతూనో చెట్లు అప్పగించారు. తావి చెట్టు దగ్గరికి వచ్చేసరికి అక్క దాని మొదట్లో చాప పరుచుకుని కూర్చుని ఉంది. రోజూ పొద్దున్నే రావడం, చీకటి పడ్డాక వెళ్ళడం. పోలీసును పిలవమన్నారు కొందరు. పిలవలేకపోయాను. చుట్టుపక్కల చెట్లన్నీ కూలి, అదొక్కటే బోసి ఒడ్డున నిలబడింది.

పోకీనా ఆఫీసు గుమ్మంలోకి వచ్చి మరీ అడిగాడు. "మా నాన్న చెట్టుకు రంపం, మీ అక్క కొడుకు చెట్టుకు చాపా, మేడమ్‌గారూ?"

"రెండ్రోజులు ఆగు" అన్నాను.

"పురుగుని కూడా ఆగమన్నారా?"

పురుగు ఆగలేదు. రెండు వారాలకు దీవికి అవతలి వైపు రేవులో, గీతకు బాగా బయట, డబ్బాలో ఇంకొకటి పడింది. తావి చెట్టు మీంచే ఎగిరిపోయిందని ఊరంతా తీర్మానించుకుంది. అక్కను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఆదివారం ప్రార్థనలో ఆమె కూర్చున్న బల్ల మీద మాత్రం ఇంకెవరూ కూర్చోలేదు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి అక్క చాప చుట్టి నిలబడి ఉంది. "కొట్టుకో" అంది. అంతే.

మోయెరో రంపం పట్టాడు. చెట్టు సముద్రం వైపుకు పడింది. నెత్తి విప్పి చూడడం నా పని. గొడ్డలితో మట్టలు నరికి, పొర మీద పొర తీసుకుంటూ లోపలికి వెళ్ళాను. చిల్లు కోసం వెతికాను, నమిలిన పీచు కోసం వెతికాను. ఏదో ఒకటి కనబడాలని దేవుణ్ణి వేడుకున్నాను. లోపల తెల్లటి మొవ్వు, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

"ఉందా?" అని అడిగింది అక్క. వెనకాల పోకీనా, ఇరవైమంది జనం.

నేను తీసేసిన పొరలనే మళ్ళీ తిరగేశాను. మోయెరో నా పక్కన వంగి, మట్టల్లోకి చెయ్యి పెట్టి పైకి లేచాడు. "ఇదిగో తెపయేరక్కా! దొరికాడు దొంగ!"

అతని అరచేతిలో కొమ్ము పురుగు ఉంది. జనానికి చూపించడానికి మేం జేబులో తిప్పే సీసాలోది. మంచివాడు మోయెరో. చెట్టు ఊరికే పోలేదని ఆవిడ అనుకుంటే చాలనుకున్నాడు. నాకూ ఆ క్షణాన అదే మేలనిపించింది, నోరు మూసుకున్నాను.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అయితే ఇక్కణ్ణుంచే ఎగిరింది" అంది. "నేను చాపేసుక్కూర్చున్నన్ని రోజులూ ఇది నా నెత్తి మీదే ఉంది." జనం వైపు తిరిగింది. "తప్పు నాదే పోకీనా. మీ అందరి చెట్లూ నా మూలానే పోతాయి. పోయిన నా బిడ్డ కోసం ఉన్న మీ బిడ్డల నోళ్ళు కొట్టాను."

"ఇప్పుడేడిస్తే ఏం లాభంలే" అన్నాడు పోకీనా.

మోయెరో మొహం పాలిపోయింది. ఆ మాట ఆవిడ బతికినన్నాళ్ళూ మోస్తుంది. ఏ బల్ల మీదా ఆవిడ పక్కన ఎవరూ కూర్చోరు. ఇక నేను ఆగలేకపోయాను.

"అక్కా, అది సీసాలోది."

అందరూ నా వైపు చూశారు.

"నీ మనసు చల్లబరచడానికి మోయెరో అబద్ధమాడాడు. చెట్టులో ఒక్క చిల్లు లేదు. ఏదీ ఇక్కణ్ణుంచి ఎగరలేదు. నీ తప్పేం లేదు."

"ఏమీ లేదా?"

"లేదు."

"చెట్టు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"బాగున్న చెట్టును కొట్టావు."

"కొట్టానక్కా."

అక్క ఏడవలేదు. పురుగును మోయెరో చేతిలో పెట్టేసింది. కొట్టిన చెట్టు మొవ్వును ఆ ఇంటివాళ్ళే కోసి, అక్కడున్న అందరికీ పంచాలి. అది మా ఆనవాయితీ. అక్క నా నడుముకున్న కత్తి తీసుకుంది. కూర్చుని మొవ్వును నిలువుగా కోసి, ఒక్క ముక్క తీసి నా ముందు పెట్టింది.

"తిను."

"వద్దక్కా..."

"కొట్టినదానివి నువ్వేగా. తిను."

అందరూ చూస్తుండగా నమిలి మింగాను.

"ఎలా ఉంది?"

చప్పగా ఉందనొచ్చు. చేదుగా ఉందనొచ్చు. "తియ్యగా ఉంది" అన్నాను.

అక్క తల ఊపింది. ఎవరికీ పంచకుండా మిగతా మొవ్వంతా పైగుడ్డలో చుట్టి, చంకకెత్తుకుని ఇంటిదారి పట్టింది. నేను వెనకాలే నడవబోయాను. ఆవిడ తిరిగి చూడలేదు.

"నువ్వు రాకు మెరే" అంది. "ఇంకా చెట్లున్నాయిగా, వెళ్ళి కొట్టుకో."