అంటిందా?

మా ల్యాబులో కుశలప్రశ్నలు లేవు. ఎవరెదురుపడినా "అంటిందా?" అంటాం. గర్భసంచి లోపలి పొర లాంటి కణాలను పళ్ళెంలో పరిచి, వాటిమీద పిండం పైపొర లాంటి కణాల ముద్దలు వేసి, కాసేపాగి మెల్లగా కడుగుతాం. కొట్టుకుపోయినవి పోగా మిగిలినవే అంటినట్టు లెక్క.

ఈ తతంగమంతా బిస్టిన్ అనే ప్రోటీను కోసం, దాన్ని తయారుచేసే ఒక్క జన్యువు కోసం. పిండం గర్భసంచికి అతుక్కోవడంలో దాని చెయ్యి ఉందంటారు. అది చాలదన్నట్టు, ప్రతి కణంలోనూ రైబోజోములు, అంటే ప్రోటీన్లు వండే పొయ్యిలు, కట్టడానికీ అదే కావాలి. ఇంటి చాకిరీ, బయటి పెత్తనం రెండూ దాని నెత్తినే! ఏళ్ళ తరబడి దాని వెంట పడుతున్నాను. ఆ అతికించడం సరిగ్గా ఎలా చేస్తుందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

మా చెల్లికి పిండాలు తయారవుతాయి, చక్కగానే ఉంటాయి. గర్భంలో పెడితే అతుక్కోవు. ఈసారి పెట్టింది దాచి ఉంచిన వాటిలో ఆఖరుది. మళ్ళీ మొదటి నుంచి సూదులు పొడిపించుకునే ఓపిక దానికి లేదు. డాక్టరు కూడా ఇక వద్దనేశారు.

"ఆ నర్సు గొంతు నేను వినలేనక్కా. రిజల్ట్ నీకే చెప్పమన్నాను. మీవాళ్ళు అడిగినట్టే 'అంటిందా?' అని అడుగుతా, నువ్వు ఒక్క ముక్కలో చెప్పెయ్," అంది. వెర్రిమొహం, నవ్వుతూనే అంది.

దాని రిజల్ట్ వచ్చే రోజునే మా పళ్ళాలు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి. కణాలు పెంచే గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. బయటికొచ్చి చూస్తే చెల్లివి రెండు కాల్స్, క్లినిక్ వాళ్ళది ఒకటి ఉన్నాయి. ముందు క్లినిక్‌కి చేశాను.

"సారీ అండీ, నిలబడలేదు," అంది నర్సు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండిపోయింది.

గోడకానుకుని నిలబడి ఉండగా పెద్దాయన వచ్చాడు. మా ల్యాబులో అందరికన్నా సీనియర్, ఉత్సాహం మాత్రం కుర్రాళ్ళది.

"ఇందాక ల్యాబు ఫోనుకి ఎవరో అమ్మాయి చేసిందమ్మా. హలో అనగానే 'అంటిందా?' అంది. పక్క బిల్డింగులో మనవాళ్ళ పిల్లే అనుకున్నా. 'బ్రహ్మాండంగా అంటిందమ్మా, గట్టిగా పట్టుకుంది' అని చెప్పా. పాపం, ఏడ్చేసింది! పనిమీద అంత ప్రాణం పెట్టేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు చెప్పు?"

ఆయన్ని ఏమని తిట్టను? చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఫోనులో చెప్పడానికి మనసొప్పక దాని ఇంటికే వెళ్ళాను. నడుం కింద దిండు పెట్టుకుని, కదలకుండా వెల్లకిలా పడుకుని ఉంది చెల్లి. మా మరిది, అదే దాని మొగుడు, వంటింట్లో ఈల వేస్తూ అంట్లు తోముతున్నాడు. ఆ మనిషి ఈల వేయగా నేనెప్పుడూ వినలేదు.

"మీ మరిది నన్ను లేవనివ్వట్లేదక్కా," అని నవ్వింది. "నువ్వే చెప్తావనుకుంటే ఆయనెవరితోనో చెప్పించావేం? ఏడుపొస్తుందనా?"

కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా మొహం చూస్తూ చూస్తూ అదే నవ్వు ఆపేసింది.

"మరి ఆయన అంటిందన్నాడుగా?"

"మా పళ్ళెంలోది. నువ్వు దాని గురించే అడుగుతున్నావనుకున్నాడు."

చెల్లి మొహం గోడకేసి తిప్పుకుంది. దానికి ఏడుపు రాలేదు. నాకే ఆగలేదు.

"అక్కడ నిజంగానే అంటిందా?"

"అంటిందే."

"ఏం చేస్తారు వాటిని?"

అబద్ధం చెబుదామనుకున్నాను, ఒక్కటీ తోచలేదు. "లెక్కపెట్టుకుని, బ్లీచింగు నీళ్ళు పోసి పారేస్తాం."

అది తలూపింది. నడుం కింది దిండు మెల్లగా లాగి పక్కన పెట్టి, లేచి కూర్చుంది. వంటింట్లో ఈల సాగుతూనే ఉంది.

"పోయి ఆ ఈల ఆపించక్కా," అంది. "నావల్ల కాదు."