తినని బంటు

సిద్ధరాములు సోలాపూర్ కుమఠా నాకా పవర్‌లూమ్ షెడ్డులో నేర్చింది దేశవాళీ చదరంగం. అందులో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదులుతుంది. టోర్నమెంటుకు పేరిచ్చాక రెండు గళ్ళ రూలు, కోట కట్టే రూలు అడిగి తెలుసుకున్నాడు. చెయ్యి మాత్రం వినదు. చివరి ఆటలోనూ రాజు ముందరి బంటును ఒక్క గడి జరిపాడు. మంత్రి ముందరిదాన్నీ అంతే.

ఎదురుగా నీలం నగర్‌లో ట్యూషన్లు చెప్పే లలిత. తన బంట్లను బోర్డు నడుమకు దూకించి నవ్వింది.

"కాకా, ఈ ఓపెనింగ్ పేరేంది?"

"పేరెందుకు బిడ్డా? తలుపు జర్రంత తీసి ఎవలొచ్చిన్రో చూసుడు."

పుణె పోయే సోలాపూర్ జట్టులో ఒక్క చోటే మిగిలింది. లలిత అర పాయింటు ముందుంది కాబట్టి డ్రా అయినా ఆ చోటు ఆమెదే. సిద్ధరాములు గెలిచి తీరాలి. బస్సులో కిటికీ పక్క సీటు తనదేనని షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఇరుకులో కూర్చుని ఇరుకులోనే ఆడాడు. లలిత తొందరపడి గుర్రాన్ని పోగొట్టుకుంది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోగా చివరికి అతనికి రాజు, ఏనుగు మిగిలాయి. ఆమెకు రాజు, ఒక బంటు. ఆ బంటు ఏనుగు దారిలోనే దిక్కులేకుండా నిలబడి ఉంది.

సిద్ధరాములు దాన్ని తినలేదు. షెడ్డు ఆటలో ఎదుటివాడి ఆఖరి పావును తింటే బుర్జీ, అంటే ఎవరూ గెలవనట్టు, ఆట బరాబర్. దాన్ని బతకనిచ్చి రాజును కట్టాలి. అందుకని తన రాజును మెల్లగా దగ్గరికి నడిపించుకొచ్చాడు. ఈలోగా బంటు పరుగందుకుంది. అది చివరి గడి చేరి మంత్రి కాగానే ఏనుగుతో తీయక తప్పలేదు. ఆ ఏనుగును లలిత రాజు తినేసింది. బోర్డు మీద ఇద్దరు రాజులే మిగిలారు.

"డ్రా," అన్నాడు పోటీ నడిపిస్తున్న వినాయక్.

లలితకు ఆశ్చర్యం ఆగలేదు. "ఆ బంటును ఎందుకు తినలే కాకా? ఊకనే దొరికె గద!"

"తింటె బుర్జీ గాదా?"

"బుర్జీ అంటె ఏంది?"

సిద్ధరాములు వినాయక్ వంక చూశాడు. వినాయక్ తల అడ్డంగా ఊపాడు.

"ఈడ ఆ రూలే లేదు మామా. తింటె నువ్వే గెలుస్తుంటివి. ముందుగాల ఒక్క మాట అడగకపోతివి?"

"ఉన్నయన్ని అడిగిన. లేనియి ఎట్ల అడుగుతర్రా?"

సిద్ధరాములు లేచాడు. లలిత ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పో బిడ్డా, పుణెల మంచిగ ఆడు. ఎవలదన్న బంటు ఒక్కటే మిగిలితె పాపమని సూడకు, మింగెయ్."