రెండో గడి

అయినా ఆ ప్రశ్నను చదివి నొక్కేవాళ్ళు ఎవరుంటారు, పాతది పోతుంది సరేనా అని తెర అడుగుతుంది, సరే అని బొటనవేలు నొక్కేస్తుంది, పాతికేళ్ళుగా ఆ వేలికి అదే పని, చదవడం కళ్ళ వంతు, నొక్కడం వేలి వంతు, ఒకరి సంగతి ఒకరికి పట్టదు, రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలకు నొక్కింది, ఇప్పుడు రెండూ నలభై, ఈ ఐదు నిమిషాల్లో నేను చేసిందల్లా సోఫాలోంచి లేచి మళ్ళీ సోఫాలోనే కూలబడటం, తెర మీద ఆటను దాచుకునే గడులు మూడే మూడు, మొదటి గడిలో నా ఆట, మూడో గడిలో మా ఆయన ఎప్పుడో మొదలుపెట్టి ఒక్క కోళ్ళగూడు కట్టి వదిలేసిన ఆట, రెండో గడిలో పాప ఊరు ఉండాలి, మూడేళ్ళుగా కట్టుకున్న ఊరు, అది లేదు, అక్కడ కూడా నేనే ఉన్నాను, గుహ చివరి అంతస్తు గుమ్మంలో కత్తి పట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినదానిలా.

పెద్ద రాక్షసుడి మీదికి వెళ్ళే ముందు ఆటను రెండు చోట్ల దాచుకోవడం నా అలవాటు, ఒక్క చోటే దాచుకుని వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలి, ఆయన కోళ్ళగూటి మీద దాచేద్దామనుకున్నాను, అడిగే దిక్కు లేని గడి కదా, సరిగ్గా అప్పుడే ఫోను, కట్టుడుపళ్ళు చేసే మా ల్యాబు నుంచి పెద్దసారు, జ్వరం ఎలా ఉందమ్మా అని, జ్వరమని చెప్పి మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి ఆడుతున్నాను మరి, ముప్పై ఏడేళ్ళదాన్ని, నాలుగు రోజులుగా ఆ రాక్షసుడి చేతిలో చస్తూ, ఇవాళ చంపకపోతే నిద్ర పట్టదని, గబుక్కున గొంతు బొంగురు చేశాను, చాలదేమోనని దగ్గాను, ఆ దగ్గే కొంప ముంచింది, దగ్గుతుండగా వేలు ఒక గడి పైకి జరిగింది, సరే అంది, నిజంగానేనా అని తెర మళ్ళీ అడిగితే మళ్ళీ సరే అంది, సార్ పాపం వేడినీళ్ళు తాగి పడుకో, ఆ పై వరస పళ్ళ సెట్టు రేపు చూసుకుందువుగాని అన్నారు, దొంగకు తేలు కుట్టినట్టు అరవలేక, ఏడవలేక, అలాగే సార్ అని పెట్టేశాను.

నాలుగూ పదికి స్కూలు బస్సు వస్తుంది, బూట్లయినా విప్పకుండా మెషీను ఆన్ చేస్తుంది, పదకొండేళ్ళ పిల్ల, ఒకే ఆటను మేమిద్దరం ఎంత వేరుగా ఆడతామో, నేను పొద్దస్తమానం గుహల్లో దూరి కనిపించినదాన్నల్లా నరుకుతాను, అది మూడేళ్ళలో ఒక్కసారి కత్తి ఎత్తలేదు, చెట్లు నాటుతుంది, ఇళ్ళు కడుతుంది, కంచెలకు రంగులేస్తుంది, అమ్మా నువ్వు లోపలికెళ్ళి చచ్చి రా, తర్వాత నేను ఆడుకుంటా అంటుంది, ఆ మాటకు వాళ్ళ నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతాడు, ఈ ఏడు మేం ఇల్లు మారాక స్కూలు కూడా మారింది, పాత స్కూలు పిల్లలందరి చేతా ఆ ఊళ్ళో కాపురం పెట్టించింది, సోడాబుడ్డి ఇల్లు చెరువు పక్కన, నత్తోడిది వంతెన దాటాక, పసుపు తలుపు ఇల్లు రెండుజడలది, కొత్త స్కూల్లో భోజనాల గంటలో ఒక్కతే కూర్చుంటోందండీ అని పోయిన నెల టీచరు చెప్పింది, నేను అడిగితే, నాకు వాళ్ళున్నారుగా అంది, వాళ్ళంటే ఎవరో అప్పుడు నాకు వెలగలేదు, ఇప్పుడు వెలుగుతోంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

పోయినదాన్ని వెనక్కి తెచ్చే దారి ఏదైనా ఉందేమోనని ఫోనులో వెతికాను, నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో, తమ్ముడి ఆట మీద తమది దాచినవాళ్ళు, ప్రియురాలి ఆట మీద దాచినవాళ్ళు, అందరూ ఏడ్చారు, ఒక్కరికీ తిరిగి రాలేదు, మా ఆయనకు చేశాను, ఎత్తలేదు, బస్సు నడుపుతూ ఎత్తడు, ఎత్తకూడదు కూడా, ట్రిప్పు అయ్యాక తనే చేశాడు, వెనక హారన్లు, అంతా విని, కరెంటు పోయి మెషీను చెడిందని చెప్పెయ్యి, కాస్త ఏడుస్తుంది, మళ్ళీ కట్టుకుంటుంది, ఆటే కదా అన్నాడు, మంచివాడే, ఎవరు ఏడ్చినా చూడలేడు, అందుకని ఎంత చిన్న అబద్ధమైనా తెచ్చి చేతిలో పెడతాడు, కానీ ఆటే కదా అన్న మాట దగ్గర నాకు చెవులు వేడెక్కాయి, నాకు పదమూడేళ్ళప్పుడు ఈ మాటే అన్నాడు అన్నయ్య, టీవీలో వార్తలు చూడాలని నా ఆట ప్లగ్గు లాగేసి, ఆటే కదే అని, చివరి వంతెన మీద ఉన్నాను అప్పుడు, తొమ్మిది రోజులు వాడితో మాట్లాడలేదు, ఇప్పటికీ చుట్టాలందరూ కలిసిన చోట వాడా తొమ్మిది రోజుల కథ చెప్పి అందరినీ నవ్విస్తాడు, నేనూ నవ్వుతాను, రెండు చోట్ల దాచుకునే అలవాటు ఆ రోజు పుట్టిందే, నన్ను కాపాడుకోవడానికి నేర్చుకున్న అలవాటు వెళ్ళి వెళ్ళి నా కూతురి ఊరి మీద పడింది.

చెప్పడానికి నోరెలా వస్తుంది, పోయిన వేసవిలో ల్యాబు నుంచి ఇంటికి తెచ్చుకున్న ప్లాస్టర్ అచ్చును అది పగలగొట్టి మంచం కింద దాచేస్తే ఎంత ఉపన్యాసం ఇచ్చాను, చెయ్యడం తప్పు కాదమ్మా, దాచడం తప్పు, వచ్చి చెబితే నేనేమీ అనను అని, అది తలొంచుకుని వింది, మర్నాడు పెన్సిలు పోతే కూడా వచ్చి చెప్పింది, చెప్పేవన్నీ నీతులే, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు, అయినా తొక్కాక కడుక్కోవాలి కదా, కడుక్కుంటే చాలదా, ఎవరూ చూడకముందే, ఆగు, ఆగు, ఫ్రిజ్ మీద ఫోటో ఉంది.

ఎందుకు తట్టలేదింతసేపూ, పుట్టినరోజుకని తన ఊరిని ఫోటో తీసి అచ్చు వేయించి అయస్కాంతంతో ఫ్రిజ్‌కు అంటించింది, మేడ మీంచి చూసినట్టు ఊరంతా ఉంది అందులో, మూడూ ఐదు, గంటా ఐదు నిమిషాలు, నా పని ఇదే కదా, లేనిదాన్ని ఉన్నట్టు చెయ్యడం, పాత ఫోటో చూసి మనిషి పోగొట్టుకున్న పళ్ళను మైనంలో చెక్కడం, నవ్వితే పెళ్ళాం కూడా తేడా పట్టలేనట్టు, గుహల్లో నేను పోగేసిన కర్రా రాయీ రెండో గడిలో కొండలా ఉన్నాయి, చెరువు తవ్వాను, వంతెన వేశాను, ఏడు ఇళ్ళు, పసుపు తలుపు, ఎర్ర కప్పు, జామచెట్లు ఎడమవైపు నాలుగు, కాదు ఐదు, వేళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి, చెమట పట్టి మీట జారుతోంది, మూడూ ఇరవై ఐదు, చుట్టూ కంచె వేశాను, మరీ తిన్నగా వచ్చింది, తిన్నగా ఉంటే దొరికిపోతుంది, నిజం పళ్ళు ఎప్పుడూ ఒక్క వరసలో ఉండవు, ఒకదాన్ని కాస్త వంచి పెట్టాలి, అప్పుడే నమ్ముతారు, కంచెలో ఒక కర్రను వంకరగా పాతాను, వెనక్కి వాలి చూశాను, అచ్చం పాప పాతినట్టే ఉంది, నాకు గర్వంగా అనిపించింది.

నేను పళ్ళు చేసిచ్చిన ఒక ముసలి మాస్టారు ఉండేవారు, రెండుసార్లు తిరిగొచ్చారు, సెట్టు అద్భుతంగా ఉందమ్మా, మా ఆవిడ కూడా అచ్చం మీ పళ్ళే అంది, కానీ నాలుక ఊరుకోవడం లేదు, పొద్దున్నించీ అక్కడికే పోయి తడుముతోంది అన్నారు, నేను నవ్వి, రెండు వారాల్లో అలవాటవుతుంది మాస్టారూ అన్నాను, నిజంగా అలవాటయిందో లేదో, మళ్ళీ రాలేదు, నేను కూడా కనుక్కోలేదు.

మూడూ యాభై, ఇంక మిగిలినవి బోర్డులే, ప్రతి ఇంటి ముందూ ఒక చెక్క బోర్డు, చెరువు గట్టున ఒకటి, వంతెనకు ఇటొకటి అటొకటి, మొత్తం పది, వాటి మీద పాప ఏదో రాస్తుంది, ఫోటోలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను, ల్యాబు సంచిలోంచి భూతద్దం తీశాను, పళ్ళ సందుల్లో గీతలు చూపించే అద్దం అది, దానికీ చిక్కలేదు, చుక్కలు పెద్ద చుక్కలయ్యాయి అంతే, సరే, గుర్తు తెచ్చుకుందాం, ఎన్నిసార్లు చూపించింది నాకు, అమ్మా ఇది చదువు, అమ్మా సోడాబుడ్డి ఇంటి ముందు ఏం పెట్టానో చూడు, అప్పుడు నేను ఏం చేస్తున్నాను, ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను, ఫోనులో ఆ రాక్షసుణ్ణి చంపే ఉపాయాలు చదువుతున్నాను, తలెత్తి చూశాను కదా, తలయితే ఎత్తాను, బావుంది అన్నాను, ప్రతిసారీ బావుందే అన్నాను, చెరువు గట్టు బోర్డు చూపించిన రోజు బాగా గుర్తు, ఇది నీ కోసం రాశానమ్మా అంది, ఆ మాట మాత్రం నాకు గుర్తుంది, దాని గొంతు గుర్తుంది, తలుపు దగ్గర నా చెప్పు తెగి ఉండటం గుర్తుంది, బోర్డు మీద ఏముందో గుర్తు లేదు, మర్చిపోతే కదా గుర్తు తెచ్చుకోవడానికి, అసలు చదివితే కదా మర్చిపోవడానికి.

పది ఖాళీ బోర్డులు పాతి, మొదటిదాని మీద స్వాగతం అని రాశాను, చెరిపేశాను, మా ఊరు అని రాశాను, చెరిపేశాను, నాలుగూ ఎనిమిది, వీధి మలుపులో బస్సు హారను, మీట పక్కన పెట్టాను, మెట్ల మీద బూట్ల చప్పుడు, రెండేసి మెట్లు ఎక్కుతోంది, తలుపు తీశాను, అమ్మా నువ్వేంటి ఇంట్లో, జ్వరమా అంటూ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది, నా ఆరిందా, జ్వరం లేదు తల్లీ, అబద్ధమాడి సెలవు పెట్టాను, ఆడుతూ నీ ఊరిని చెరిపేశాను, ఫోటో చూసి దొంగ ఊరు కట్టబోయాను, నీకు తెలియకుండా, అన్నీ ఒక్క ఊపిరిలో అనేశాను, ఆగితే మళ్ళీ అననేమోనని.

అది నన్ను చూడలేదు, బూట్లతోనే లోపలికి వెళ్ళి తెర ముందు నిలబడింది, భుజాన బ్యాగు అలాగే ఉంది, ఏడుస్తుందనుకున్నాను, ఏడిస్తే పట్టుకుందామని రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకున్నాను, మీట అందుకుని వీధి చివరి నుంచి మొదలు దాకా నడిపించుకుంటూ వచ్చింది బొమ్మను, వంకర కంచె కర్ర దగ్గర ఆగింది, ఇది నాది కాదు అంది మెల్లగా, పది ఖాళీ బోర్డుల ముందూ ఆగింది, ముక్కు ఒకసారి ఎగపీల్చింది, సరేలే అమ్మా, ఇళ్ళు నేను మళ్ళీ కడతా, బోర్డుల మీద ఉన్నవి నాకే సగం గుర్తు లేవు, నీకు అన్నీ చూపించాగా, నువ్వు చెప్పు, నేను రాస్తా, అని బ్యాగులోంచి నోట్‌బుక్కు తీసి కింద కూర్చుంది, పెన్ను మూత నోటితో లాగి నా వైపు చూసింది, ఇంత నమ్మకంగా నన్ను ఇంకెవరూ చూడరు.

ఏదో ఒకటి చెప్పొచ్చు, సగం తనకే గుర్తు లేదంటోంది, నేను ఏం చెప్పినా రాసుకుంటుంది, పది బోర్డులకు పది మాటలు, నాకు ఆ విద్య వచ్చు, కానీ వేలు జారింది ఇవాళ రెండూ ముప్పై ఐదుకు అనుకుంటూ వచ్చానే ఇంతసేపూ, ఆ వేలికి ఆ తొందర ఇవాళే వచ్చిందా, మూడేళ్ళుగా పాప ఏదో అడుగుతూనే ఉంది, నేను చదవకుండా బావుంది అని నొక్కేస్తూనే ఉన్నాను, ఒక్కో బావుందికి ఒక్కో బోర్డు నా దగ్గర అప్పుడే చెరిగిపోయింది, ఇవాళ మిగతా ఊరు పోయింది అంతే, పాప ఎదురుగా కింద కూర్చున్నాను, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా, ఒక్కటి కూడా చదవలేదు తల్లీ, అన్నాను, నీకు గుర్తున్న సగం ఇప్పుడు చెప్పు, నేను వింటాను.