తాగని మనిషి కాలేయం

కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేసిన తులసి, లేవబోయి గోడ పట్టుకుంది. కుడి డొక్కలో ఏదో బరువు. "కూకుని తింటే ఒళ్లు అలాగే వస్తాదే" అంది అత్త దాలమ్మ మంచం మీంచి. పొద్దు పొడవకముందే లేచి, వండిపెట్టి, నౌపడ బడిలో పాఠాలు చెప్పి వచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడే తను ఎప్పుడు కూర్చుందో తులసికి గుర్తు రాలేదు. తిండీ అంతే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, పారబొయ్యలేక.

రెండేళ్ల కిందట షుగరు చూపించుకోవడానికి వెళ్తే, లివరుకు కొవ్వు పట్టి అప్పుడే గట్టిపడిపోయిందని చెప్పింది డాక్టరమ్మ. ఇలాంటి లివరులో క్యాన్సరు చడీచప్పుడు లేకుండా పుట్టొచ్చు, ఆరు నెలలకోసారి స్కానింగు తప్పొద్దంది. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందనీ అంది. బయటికొచ్చాక భర్త ఉమాశంకర్ గొంతు తగ్గించి, "ఆ జబ్బు తాగినోళ్లకి గదా వస్తాది. ఎవులికీ సెప్పకు, పరువు పోతాది" అన్నాడు. జబ్బు ఆమెది, పరువు అతనిది. జన్మలో చుక్క ముట్టని తులసి, తాగి దొరికిపోయినదానిలా తల దించుకుంది.

ఆ తర్వాత స్కానింగుకు వెళ్దామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఆడపడుచు పురుడు, అత్తకు కంటి ఆపరేషను, బడిలో పరీక్షలు. వచ్చే నెల చూద్దామనేవాడతను. నొప్పి లేదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకునేది.

డొక్కలో ఆ బరువు మొదలయ్యాక కొన్ని నెలల్లోనే ఆమె చిక్కింది. జాకెట్లు వదులయ్యాయి. ఇప్పుడు బాగున్నావని అత్త మొదటిసారి మెచ్చుకుంది. తిండి తగ్గించకుండానే ఎందుకు చిక్కిందోనని తులసికి అనుమానం వచ్చింది. ఆ వారమే పట్టుబట్టి, భర్తను వెంటబెట్టుకుని శ్రీకాకుళం వెళ్లింది.

స్కానింగు గదిలో కబుర్లు చెబుతున్న డాక్టరమ్మ ఉన్నట్టుండి మాట ఆపేసింది. చల్లటి జెల్ మీద ఆమె చెయ్యి ఒకే చోట తిరగసాగింది. ఇంకో డాక్టరును పిలిచింది. ఇద్దరూ తెర వైపే చూశారు గానీ తులసి వైపు చూడలేదు. లివరులో మచ్చ కనిపిస్తోందని, అదేమిటో ఇప్పుడే చెప్పలేమని, వెంటనే విశాఖలో సీటీ స్కాన్ తీయించమని అన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే ఉమాశంకర్ అందుకుని, "తనకి ఒంటి మీద శ్రద్ధ లేదు మేడం" అన్నాడు.

తులసి అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్నట్టు లేడు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. తెర మీది మచ్చ కన్నా ఆ నమ్మకమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇంటికొచ్చాక, రేపు చుట్టాలొస్తున్నారు కదా, వాళ్లు వెళ్లాక విశాఖ వెళ్దామన్నాడు. ఆమె స్కానింగు కాగితాలు తీసి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు విశాఖ రైలు ఆమదాలవలస దాటుతుండగా ఉమాశంకర్ ఫోను చేశాడు.

"ఎక్కడున్నావు? సుట్టాలు దిగిపోనారు. పొయ్యి మీద ఏటీ లేదు."

"లేదు," అంది తులసి. "నా లోపల ఏటున్నాదో సూపించుకోడానికి ఎల్తన్నాను."