గెర్బర్ ఎందుకడిగాడు?

కెనడాలో కేంబ్రిడ్జ్ అనే ఊళ్లోని ఆ గోదాములో మృదుల బ్యాడ్జి మీద పేరు పక్కన ఒక్క అక్షరమే ఉండేది. ఇంటిపేరు పూర్తిగా రాయించుకోలేదు. కావాలనే. రాయిస్తే ఏమవుతుందో హైదరాబాద్ హాస్టల్లో ఒకసారి చూసింది, చాలు.

ఇప్పుడు పర్మనెంట్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. వస్తే పీఆర్‌కి, అంటే ఆ దేశంలోనే ఉండిపోడానికి, దారి. రాకపోతే ఆగస్టుతో వర్క్ పర్మిట్ సరి. పేర్లు పంపేది టీమ్ లీడ్ గోపీకృష్ణ. నెల రోజులుగా ఆయన నవ్వుతూ తవ్వుతున్నాడు.

"మీదే ఊరమ్మా?"

"జనగామ అన్నా."

"ఇంటిపేరేంటి? అక్కడ మావాళ్లున్నార్లే, తెలిసినోళ్లవుతారేమోనని."

"మీవాళ్లంటే ఎవరన్నా?"

"ఊరికేనమ్మా," అని కాఫీ కప్పుతో లేచి వెళ్లేవాడు. ఊరికే ఎవడూ ఇంటిపేరు అడగడు.

సోమవారం లంచ్‌లో, ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే ముసలాయన వాల్టర్ గెర్బర్ వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఎప్పుడూ ఆ బల్ల దగ్గరికి రానివాడు. వస్తూనే పేర్ల పురాణం విప్పాడు.

"మా జర్మన్ పేర్లలో ష్నైడర్ అంటే బట్టలు కుట్టేవాడు. వాగ్నర్ బండ్లు చేసేవాడు. మన మేనేజర్ కూపర్‌ది ఇంగ్లిష్ పేరు, వాళ్లు పీపాలు చేసినవాళ్లు. గెర్బర్ అంటే తెలుసా? తోళ్లు ఊనేవాడు, పదును పెట్టేవాడు! ఓక్ చెట్టు బెరడు నీళ్లలో తోళ్లు నానేసేవాళ్లు. ఆ కంపుకి మమ్మల్ని ఊరి చివరికి తరిమేశారట!" పకపకా నవ్వాడు. "నీ ఇంటిపేరుకి అర్థమేంటమ్మాయ్?"

మృదుల చేతిలో రొట్టె ఆగిపోయింది. ఇన్ని పేర్లుండగా తోళ్ల దగ్గరికే ఎందుకొచ్చాడు? పక్క బల్ల దగ్గర గోపీకృష్ణ ఫోన్ చూస్తున్నాడు. వేలు మాత్రం కదలడం లేదు.

"అడగమని ఎవరు పంపారు?"

ముసలాయన తడబడ్డాడు. "గోపీ. నాకు పేర్ల పిచ్చి కదా. నీ ఇంటిపేరు వెనక కథ ఉంటుంది, కనుక్కుని తనక్కూడా చెప్పమన్నాడు."

మృదుల లేచి పక్క బల్లకి వెళ్లింది.

"అన్నా, గా ముసలాయన్నెందుకు తోలినవ్? మా తాత లంద తొట్టిల తోళ్లు నానేసి ఊనిండు. మాది ఓక్ కాదు, తంగేడు చెక్క. సాలా?"

"అయ్యో, కెనడా వచ్చినా ఇవే మాటలా? నేనలాంటోణ్ణి కాదమ్మా!"

"ఎసొంటోనివని నేనన్ననా?"

గోపీకృష్ణ లేచి తన క్యాబిన్‌లోకి పోయి తలుపేసుకున్నాడు.

మృదుల తిరిగొచ్చి, ఆ అడగడం వెనక ఏముందో గెర్బర్‌కి విడమరిచి చెప్పింది. ఆయన నవ్వు దిగిపోయింది. వాళ్ల దగ్గర తోళ్ల పేరు లంచ్ బల్ల మీద నవ్వుకునే కబురైంది. మన దగ్గర అదే తోళ్ల పని తెలిస్తే చాలు, పొట్ట మీద కొడతారు. తేడా అంతా అక్కడుంది.

"ఏమడగమన్నాడో రాసిస్తారా?"

గెర్బర్ క్యాబిన్ వైపు చూశాడు. ఎనిమిదేళ్ల స్నేహం. చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. చివరికి నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశాడు.

"రేపు నేనే ఇస్తాలే హెచ్‌ఆర్‌కి."

రేపటికి మనసు మారితే? మృదుల కాగితం లాక్కున్నంత పని చేసి, ఫొటో తీసుకుని, అప్పుడే మేడెక్కింది.

హెచ్‌ఆర్ ఆవిడ చదివి, కంప్యూటర్ వైపు తిరిగి, కళ్లద్దాలు సరిచేసుకుంది.

"పొద్దున గోపీ పంపిన లిస్టులో నీ పేరుంది. పది నిమిషాల కింద ఇంకో లిస్టు పంపాడు. ఇందులో లేదు."

"రెండూ ప్రింట్ తీయండి," అంది మృదుల కుర్చీ లాక్కుంటూ. "నా ముందే."