వేలి కణుపు దాకా నీళ్ళు

గూడూరు బజారులోని పాత్రల కొట్లో రైస్ కుక్కర్లన్నీ బల్ల మీద వరసగా పెట్టించింది నవోమి. వాకాడు నుంచి పొద్దుటి బస్సులో అత్తగారు అబిగయీలును వెంటబెట్టుకుని వచ్చింది. వాడవలసింది ఆవిడే గనుక ఎంచవలసిందీ ఆవిడేనని నవోమి పట్టు.

అబిగయీలుకు నీటికాసుల జబ్బు. వెలుతురూ నీడా తెలుస్తాయి గానీ వస్తువుల అంచులు తెలియవు. పోయిన నెల గంజి వార్చేటప్పుడు మూత జారి పాదం బొబ్బలెక్కింది. ఆ రోజే కొడుకు టైటస్, "ఇంక నువ్వు పొయ్యి దగ్గరికి పోవద్దుమా" అన్నాడు. అప్పట్నుంచి ఆవిడ వరండాలో కూర్చుని, "తాలింపు మాడతా ఉండాది" అని కేకేస్తూ ఉంటుంది. నిజంగానే మాడుతూ ఉంటుంది. తిండి మాత్రం సగానికి సగం తగ్గించేసింది.

మంట లేని కుక్కరైతే అత్తను వండనిద్దామని నవోమి భర్తను ఒప్పించింది. ఒక్కసారి తేడా వచ్చినా మళ్ళీ ఆ మాట ఎత్తకూడదన్నాడు టైటస్. అతనికి షుగరు వచ్చాక, అన్నం తగ్గించి ఆవిరి మీద ఉడికిన కూరగాయలు తినమన్నాడు డాక్టరు. అందుకని కింద అన్నం, పైన కూరగాయలు ఒకేసారి ఉడికేది కావాలి.

కొట్టు యజమాని విజయభాస్కర్ ముందుగా నల్లగా నిగనిగలాడేదాన్ని జరిపాడు. "కొత్త మోడల్ పెద్దమ్మా. వేలు ఆనిస్తే చాలు, అంతా అదే చూసుకుంటాది."

అబిగయీలు అరచేత్తో తడిమింది. "ఏంది అబ్బయా, పలక మాదిరి ఉండాదే. దీనికి కన్నూ ముక్కూ యాడుండాయి?"

"అంతా టచ్ పెద్దమ్మా."

"నేను టచ్ చేస్తానే ఉండా. అదే పలకడంలా."

మూడోదానికి కింద మీట ఉంది. కిందికి నొక్కితే టక్కుమంది. అన్నం అయ్యాక అలాగే టక్కుమని పైకి లేస్తుందట. అబిగయీలు నాలుగుసార్లు నొక్కి చూసి, "ఇది మాట్టాడతా ఉండాది" అంది.

అప్పుడు నవోమి మొదలుపెట్టింది. ఆవిరికి పెట్టే చిల్లుల గిన్నె లోపలికి ఎంత దిగుతుందో, కింద అన్నానికి ఎంత చోటు మిగులుతుందో వేళ్ళతో కొలిచింది. కుక్కర్లో నీళ్ళు పోయించి, సంచిలోంచి గుప్పెడు బీన్స్ తీసి ఉడికించమంది. పక్క పిడులు కాలుతాయేమోనని పట్టుకుని చూసింది.

"కుక్కరు కొంటా ఉండారా, పెళ్ళిచూపులు చూస్తా ఉండారా అమ్మా?" అన్నాడు విజయభాస్కర్.

"పెళ్ళిచూపులప్పుడు ఇంత చూడలా" అంది నవోమి.

ఆదివారం చర్చికి బయలుదేరేముందు అబిగయీలు సోలతో బియ్యం కొలిచి, కడిగి, కొత్త కుక్కర్లో వేసి, నీళ్ళు పోసి, పైన బీన్స్ పెట్టి మీట నొక్కింది. తిరిగి వచ్చేసరికి గంజి చిల్లుల్లోంచి పొంగి, బీన్స్‌ను ముంచి, మూతను పక్కకు నెట్టి, గట్టు మీదుగా నేల దాకా కారింది. లోపల అన్నం జావగా ఉంది. మీట ఇంకా లేవలేదు.

"నేను చెప్పలా?" అన్నాడు టైటస్. "రేపట్నుంచి నువ్వే వండు నవోమీ."

"ఆ గుడ్డ ఇట్టా ఇయ్యమ్మే, తుడస్తా" అని మాత్రం అంది అబిగయీలు.

గిన్నె కడుగుతుంటే నవోమికి తట్టింది. కొట్లో అన్నీ పరీక్షించింది గానీ బియ్యం వేసి చూడలేదు. అత్త నలభై ఏళ్ళుగా గంజి వార్చిన మనిషి. వార్చేవాళ్ళు నీళ్ళు కొలవరు. గిన్నె నిండా పోస్తారు, ఎక్కువైనవి ఎలాగూ బయటికి పోతాయి. ఇక్కడ పోయే దారి లేదు. గిన్నె లోపల గీతలున్నాయి గానీ అవి కంటికే తప్ప చేతికి తగలవు.

సోమవారం టైటస్ పనికి వెళ్ళాక నవోమి సోలెడు బియ్యం వేసి, గీత దాకా నీళ్ళు పోసి అత్తను పిలిచింది. "బియ్యం మీద వేలు ఆనించు అత్తా. నీళ్ళు ఎంతదాకా వచ్చినాయి?"

అబిగయీలు చూపుడువేలు ముంచింది. "మొదటి కణుపు దాకా. ఇంతేనా? ఇంక గంజి ఏం మిగులుద్ది?"

"మిగలదు."

రోజూ సాయంత్రం ఉప్పేసుకుని గంజి తాగే మనిషి. ఆవిడ వేలు పైకి తీసి, తడి ఆగిన చోటును బొటనవేలితో తడిమి చూసుకుంది. తరవాత గిన్నె వంచి నీళ్ళన్నీ పారబోసి, "ఉండు, నేను పోస్తా" అంది. కణుపు దాకా పోసి, చిల్లుల గిన్నె పెట్టి, మీట నొక్కింది. నవోమి బట్టలు ఆరేయడానికి దొడ్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన టైటస్ కంచంలో అన్నం మెతుకులు దేనికది విడివిడిగా ఉన్నాయి. బీన్స్ పచ్చగా ఉన్నాయి. రెండు ముద్దలు తిని భార్య వైపు చూశాడు.

"నా వైపు చూడబాక. నేను ఇంట్లోనే లేను" అంది నవోమి.

అతను కంచం తల్లి వైపు జరిపాడు. "ఇంకొంచెం పెట్టుమా."

"అన్నం ఎక్కువ తినొద్దన్నాడు గదరా డాక్టరు. బీన్స్ తిను" అంది అబిగయీలు, గరిటె తడుముకుంటూ. తరవాత కోడలి వైపు తిరిగింది. "అమ్మే, ఆదివారం పాస్టరుగారి ఇంటోళ్ళని భోజనానికి పిలుద్దాం. ఏడుగురికి నీళ్ళు ఎంత పోయాల?"

"కణుపు దాకానే అత్తా. బియ్యం మాత్రం ఎక్కువ."