ఎగరని పిచ్చుక

అరచేతిలో పిచ్చుక.

బరువే లేదు. కాస్త వెచ్చదనం... గుచ్చుకునీ గుచ్చుకోని సన్నటి గోళ్ళు.

కుట్టుపని ఆవిడ ఊపిరి బిగబట్టింది. ముప్పై ఏళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్న చెయ్యి — ఇవాళ పిచ్చుకకి గూడైంది.

మూడేళ్ళు పట్టింది, ఇంత చనువుకి.

మిషను పక్కన కిటికీ. కిటికీ అవతల పెరడు. పెరట్లో మూడు దారాలకు వేలాడే మట్టి మూకుడు, దాన్నిండా గింజలు. మొదట్లో ఆమె నీడ పడితే చాలు, పిచ్చుకలు తుర్రుమనేవి. ఆమె కూడా పంతం పట్టింది. పొద్దున్నే గింజలు పోసి, దూరంగా జరిగి, బొమ్మలా నిలబడేది.

ఈ నెలలో ఒకటి కదల్లేదు. తర్వాత రెండు. తర్వాత మూడు.

ఒళ్ళు బూరెలా ఉబ్బించుకుని, కళ్ళు అరమూసి... ఎంత ముద్దొచ్చాయో.

కొలతలు తీస్తూ ఆ ముచ్చటే. గుండీలు కుడుతూ ఆ ముచ్చటే. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ చెవులు చిల్లులు పడ్డాయి. "నేనంటే భయం పోయింది వాటికి," అని చెప్పుకుని చెప్పుకుని మురిసింది.

ఇవాళ తమ్ముడి భార్యని పిలిచి మరీ చూపించింది. పశువుల ఆసుపత్రిలో పని ఆ అమ్మాయికి.

మరదలు మురవలేదు. వంగి, పిచ్చుక ముక్కు చూసింది. ముక్కు చుట్టూ తడి.

"వదినా, ఆ మూకుడు ఎప్పుడు కడిగావు?"

"కడగడమెందుకే? సబ్బు వాసనకి బెదిరిపోతాయి. పాత గింజల మీదే కొత్తవి పోసేస్తా."

మరదలు మూకుట్లోకి తొంగి చూసింది.

"ఇది మచ్చిక కాదు వదినా. జబ్బు. గొంతు పూడుకుపోయింది, మింగలేకపోతోంది. ఎగిరే ఓపిక లేదు. ఒకదాని ఎంగిలి ఇంకోటి తిని... అన్నిటికీ ఆ మూకుట్లోంచే అంటింది."



ఎగరలేక కూర్చున్నాయి.

ఎగరలేక —

తను ముద్దు చేసినంతసేపూ అవి చచ్చిపోతున్నాయి. తన చేత్తో తనే పెట్టింది. రోజూ. పిలిచి మరీ పెట్టింది.

మరదలు పిచ్చుకని అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళింది. బతుకుతుందని చెప్పలేదు. నెల్లాళ్ళు ఒక్క గింజ కూడా వెయ్యొద్దని మాత్రం చెప్పింది — గుంపు చెదిరితేనే అంటుకోవడం ఆగుతుందట.

ఆమె మూకుడు దించింది. దారాలు తెంపింది. చేతులు కడుక్కుంది... మళ్ళీ కడుక్కుంది. దుఃఖం రాలేదు. అదే ఆమెకు వింతగా ఉంది.

తెల్లారింది. అలవాటు కొద్దీ వచ్చాయి. గోడ మీద, తీగ మీద, మూకుడు లేని కొక్కెం మీద.

ఆమె తలుపు దడాలున తీసింది. చప్పట్లు కొట్టింది.

తుర్రున లేచిపోయాయి. ఒకటి, ఐదు, పది... మూడేళ్ళలో ఎన్నడూ లేనంత సంతోషం వేసింది, అవి తనని చూసి పారిపోతుంటే.

గోడ మీద ఒకటి మిగిలింది.

మళ్ళీ చప్పట్లు కొట్టింది. కాలితో నేలను తన్నింది.

"ఎగురు," అంది. "నన్ను చూసి భయపడవే, తల్లీ."

అది మెడ తిప్పి చూసింది. ఆమె వైపే ఒక గెంతు గెంతింది...